దూరం ఎక్కువ, టైము తక్కువ

అమ్మని తీసుకుని ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చాను. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. కానీ సీటు ముందు స్క్రీన్‌లో చూస్తే మా విమానం తూర్పుకి పోతోంది! పసిఫిక్ మీదికి వచ్చాక వేగం గంటకి వెయ్యి కిలోమీటర్లు దాటింది. పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోస్తోంది మరి. చలికాలంలో ఆ గాలి ఇంకా జోరుగా ఉంటుంది.

2016లో ఎయిర్ ఇండియా ఈ రూటుని అట్లాంటిక్ నుంచి పసిఫిక్ వైపు మార్చింది. దారి దాదాపు 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది. టైము మాత్రం రెండు గంటలదాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకి వచ్చింది. ఎంత అద్భుతం!

అమ్మకి ఆ లెక్కలు పట్టలేదు. "తెల్లారుజామున ఎక్కాం కదరా, ఇంతసేపు కూర్చున్నాక కూడా అదే తారీఖు పొద్దునేంటి?" అని ఒకటే అడగడం. పసిఫిక్ మధ్యలో డేట్ లైన్ అనే ఊహా గీత ఉంటుందనీ, దాన్ని తూర్పుకి దాటితే తారీఖు ఒక రోజు వెనక్కి పోతుందనీ న్యాప్‌కిన్ మీద బొమ్మ గీసి చూపించాను. నా టెన్షనల్లా ఆవిడ బీపీ మాత్రల గురించే. అందుకే ఆవిడ వాచీని ఇండియా టైములోనే ఉంచి, దాని ప్రకారమే వేయించాను. తిరుగు ప్రయాణంలో కాస్త ఎక్కువసేపు పడుతుందని ఇప్పుడే చెప్పి ఉంచాను.