రోజుకు 75 రూపాయల లెక్క

మాది కావలి. ట్రంకు రోడ్డుకు దగ్గర్లో చిన్న హార్డ్‌వేర్ షాపు. పొద్దస్తమానం మేకులు తూకమేసి అమ్ముకునేవాణ్ణి, లెక్క తేడా వస్తే నాకు నిద్ర పట్టదు.

2024 డిసెంబర్ 10న నాకూ మా ఆవిడకూ కలిపి ఏడాదికి హెల్త్ పాలసీ తీసుకున్నా. జీఎస్టీ కాకుండా ప్రీమియం 27,600. మార్చిలో మా అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నల్ని కూడా చేర్చుకుంటారన్నాడు. రెండెందుకు, మాది తీసేద్దాం అనుకున్నా. "వాడు ఉద్యోగం మారితే మన గతేంది?" అంది మా ఆవిడ. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఏప్రిల్ 1న రద్దు చేయమని లెటర్ ఇచ్చా. వారం నోటీసు పోను 8వ తేదీతో పాలసీ ఆగింది. క్లెయిమ్ ఒక్కటీ చేయలేదు, పద్దెనిమిది వేలకు తక్కువ రావని నా అంచనా. నెలాఖరుకు అకౌంట్లో పడింది 6,900.

మొదటి విడతేమో అనుకున్నా. కాదట, అంతేనట. ఏజెంట్‌ని అడిగితే "రూలు అట్టా ఉందన్నా, మన చేతుల్లో ఏముంది" అన్నాడు. టోల్‌ఫ్రీకి ఐదుసార్లు చేశా. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ పాలసీ నంబర్ దగ్గర్నుంచి మొదలు. చివరికి పాలసీ బాండు తీసి కూర్చున్నా. వెనక పేజీల్లో చీమ తలకాయంత అక్షరాలతో ఒక పట్టిక: నెలలోపు రద్దు చేస్తే 75 శాతం వెనక్కి, మూడు నెలల్లోపు 50, ఆరు నెలల్లోపు 25, ఆ తర్వాత సున్నా. నాది 25 గడిలో పడింది. మూడో వంతు వాడినందుకు ముప్పావు ధర పట్టుకున్నారన్నమాట. నేను ఇట్టా వ్యాపారం చేస్తే కావల్లో ఎవడన్నా షాపు మెట్టెక్కుతాడా?

మా షాపు రిటర్నులు వేసే కుర్రాడు ఆ పట్టిక చూసి నవ్వాడు. "ఇది పాత పద్ధతి బాబాయ్. 2024 మే 29న ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. ఏడాది పాలసీకి క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజుల డబ్బు మొత్తం ఇవ్వాల్సిందే." క్యాలిక్యులేటర్ నా చేతికిందే ఉంది. 27,600ని 365తో భాగిస్తే రోజుకు 75 రూపాయల చిల్లర. మిగిలింది 245 రోజులు. 18,526 రూపాయల 3 పైసలు. వచ్చింది తీసేస్తే రావాల్సింది 11,626 రూపాయల 3 పైసలు. ఆ పైసలు కూడా లెటర్లో రాశా, కావాలనే.

అంబుడ్స్‌మన్ అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. ఆయన దగ్గరికి నేరుగా పోతే తీసుకోరు. ముందు ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. వాళ్లు కాదన్నా, నెల రోజులు ఉలుకూ పలుకూ లేకపోయినా అప్పుడు వెళ్లొచ్చు. వాళ్లు కాదన్నాక ఏడాది లోపు వెళ్లాలి. నేను చేసిన ఆ ఐదు ఫోన్లూ దేనికీ కొరగాలేదు. మేలో మెయిల్ పెట్టా. మూడు వారాలకు జవాబు: "పాలసీ షరతుల మేరకే చెల్లించాం." తిట్టుకుంటూనే ప్రింట్ తీసి దాచా. తర్వాత అన్నిటికంటే పనికొచ్చింది ఆ కాగితమే.

రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ మాత్రం ఏపీకీ తెలంగాణకూ కలిపి హైదరాబాద్‌లోనే. "పదకొండు వేల కోసం సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరగతారా?" అంది మా ఆవిడ. నాకూ అదే టెన్షన్. తీరా చూస్తే ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే తీసుకున్నారు. ఫీజు లేదు, లాయర్‌ని పెట్టుకోనివ్వరు. బాండు, రద్దు లెటర్, బ్యాంకు స్టేట్‌మెంటు, వాళ్ల జవాబు, అన్నీ జతచేశా. ఈ గొడవ కోర్టులోగానీ వినియోగదారుల కమిషన్‌లోగానీ లేదని సంతకం పెట్టించుకున్నారు.

సెప్టెంబర్‌లో వీడియో కాల్‌లో విచారణ. షట్టర్ సగం దించి, ఫోన్‌ని పెయింట్ డబ్బాకు ఆనించి కూర్చున్నా. చెప్పాల్సింది రాత్రంతా బట్టీ పట్టినా నోరు తడారిపోయింది. అంబుడ్స్‌మన్ నా లెక్క కాగితం ముందే చదివినట్టున్నారు, నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. తర్వాత కంపెనీ తరఫున వచ్చినాయన్ని, సర్క్యులర్ వచ్చాక తీసుకున్న పాలసీకి ఈ పట్టిక ఎట్టా వర్తిస్తుందని అడిగారు. ఆయన కాగితాలు తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. "పరిశీలిస్తాం సార్" అన్నాడు. ఎన్నాళ్లలో అని అడిగేసరికి చెల్లించడానికి ఒప్పుకున్నాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఈలోపు షట్టర్ కిందనుంచి ఒకాయన తల పెట్టి "అరకిలో రెండించుల మేకులన్నా" అని రెండుసార్లు అరిచాడు. వాళ్లకు వినపడిందో లేదో.

రాజీకి ఒప్పుకున్నట్టు రాసిచ్చా. అక్టోబర్‌లో డబ్బు పడింది, 11,626. ఆ 3 పైసలు మాత్రం రాలేదు.