"బాగుంది" తర్వాత ఇంకో వాక్యం

మా వృత్తిలో కోడ్ రాయడం ఎంత పనో, పక్కవాళ్లు రాసింది చదివి నాలుగు ముక్కలు చెప్పడమూ అంతే పని. నేను బెంగళూరులో పేమెంట్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. మా దగ్గర ఎవరైనా కొత్త పని మొదలుపెట్టే ముందు ఒక డిజైన్ డాక్యుమెంట్ రాస్తారు. ఏం చేయబోతున్నాం, ఎందుకు చేయబోతున్నాం, ఎక్కడ చెడిపోవచ్చు అన్నవన్నీ అందులో ఉంటాయి. దాన్ని అందరికీ పంపి వారం రోజులు ఆగుతారు. ఆ వారంలో మార్జిన్‌లో చేరే వ్యాఖ్యలే ఆ పని తలరాత మార్చేస్తాయని నా గట్టి నమ్మకం. అయినా వ్యాఖ్య ఎలా రాయాలో ఇంజనీరింగ్ కాలేజీలో నేర్పరు, ఉద్యోగంలో చేరాక ఇచ్చే ట్రైనింగ్‌లోనూ నేర్పరు.

మా టీమ్‌లో కర్నూలు అబ్బాయి ఒకడున్నాడు. అతను రాసిన మొదటి పెద్ద డాక్యుమెంట్ పేమెంట్ రీట్రై గురించి. కస్టమర్ డబ్బు కట్టాడు, మన సర్వర్ బ్యాంకుకు కబురు పంపింది, 30 సెకన్లు దాటినా బ్యాంకు నుంచి జవాబు రాలేదు. అప్పుడేం చేయాలి? మళ్లీ పంపాలి అని రాశాడు. బొమ్మలు చక్కగా వేశాడు, రాసిన తీరు కూడా శుభ్రంగా ఉంది. రెండు రోజుల్లో వరసగా "సూపర్", "బాగుంది", "లుక్స్ గుడ్" అంటూ వ్యాఖ్యలు, చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. ఒకాయన కోడ్‌లో ఒక ఫంక్షన్ పేరు మార్చమన్నాడు. ఇంకొకాయన తన పాత కంపెనీలో ఇదే పని ఎంత భారీగా చేశారో రెండు పేరాలు రాశాడు. ఈ డాక్యుమెంట్‌కు పనికొచ్చే ముక్క అందులో ఒక్కటీ లేదు.

ఆ తర్వాత నైట్ షిఫ్టులో ఫిర్యాదులు చూసే సపోర్ట్ ఆవిడ ఒకరు రాశారు. ఆవిడ కోడ్ రాయరు. రాసింది ఇంతే:

"జవాబు రాలేదంటే డబ్బు కట్ కాలేదని కాదు కదా? బ్యాంకు డబ్బు తీసుకుని, జవాబు మాత్రం మన దాకా రాకపోయి ఉండొచ్చు. మళ్లీ పంపితే రెండుసార్లు కట్ అవుతుంది. నెల మొదటి వారంలో ఇలాంటి ఫిర్యాదులు నాకు తప్పకుండా వస్తాయి, నమోదైన ఫిర్యాదుల టికెట్లు రెండు కింద పెట్టాను చూడండి. మూడో పేజీలో, రెండోసారి పంపేటప్పుడు కొత్త ట్రాన్సాక్షన్ నంబర్ వేస్తామని ఉంది. పాత నంబరే పంపితే రెండూ ఒకే చెల్లింపు అని బ్యాంకు గుర్తుపడుతుందా?"

పొద్దున ఆఫీసుకు రాగానే ఆ అబ్బాయి నా సీటు దగ్గరికి వచ్చాడు. "అక్కా, చూశారా? ఆవిడ చెప్పింది నిజమే. నేను ఆ టికెట్లు చదివాను. ఒకాయనకు అద్దె డబ్బులు రెండుసార్లు పోయాయి." "అయితే అక్కడే జవాబు రాయి. థాంక్స్‌తో ఆపకు, ఏం మారుస్తున్నావో కూడా రాయి" అన్నాను. డిజైన్ మారింది. ఒక చెల్లింపుకు ఒకటే నంబర్, ఎన్నిసార్లు పంపినా అదే. మళ్లీ పంపే ముందు, మొదటిది ఏమైందని బ్యాంకును అడగాలి. దాని వెనకే, నిబంధనలు పాటిస్తున్నామో లేదో చూసే కంప్లయన్స్ టీమ్ నుంచి ఇంకొకరు 2019 సెప్టెంబర్ నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ తెచ్చి పెట్టారు. యూపీఐలో కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయి, వ్యాపారికి ఖరారు అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి జమ కావాలి. అది దాటితే కస్టమర్‌కు రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. దాంతో డబ్బు వాపసు గురించి డాక్యుమెంట్‌లో ఒక కొత్త భాగమే వచ్చి చేరింది.

ఈ రెండు వ్యాఖ్యలూ చదువుతుంటే నాకు మల్లినాథసూరి గుర్తొచ్చాడు. మాది మెదక్, మా నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేశారు. మాకు దగ్గర్లోని కొల్చారమే మల్లినాథుడి ఊరని నాన్న ఎప్పుడూ గర్వంగా చెప్పేవారు. కాళిదాసు కావ్యాలకు, భారవి, మాఘుడు, శ్రీహర్షుడు రాసిన వాటికి వ్యాఖ్యానాలు రాసిన మహానుభావుడు. సంస్కృతం చదువుకునేవాళ్లు ఈనాటికీ ఆయన వెంటే నడుస్తారు. వ్యాఖ్యానం మొదట్లోనే ఆయన తనకు తాను ఒక నియమం పెట్టుకున్నాడు: "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే." ఆధారం లేనిది ఏదీ రాయను, అవసరం లేనిది ఏదీ చెప్పను అని. కాళిదాసు పక్కన కూర్చుని రాయడానికి ఆయనకు సరిపోయిన నియమం మన డిజైన్ డాక్యుమెంట్లకు సరిపోదా?

సపోర్ట్ ఆవిడ దగ్గర ఆధారం ఉంది. టికెట్లున్నాయి, పేజీ నంబర్ ఉంది, తన కళ్లతో చూసిన సంగతి ఉంది. అడిగింది కూడా ఆ డాక్యుమెంట్‌కు ఆ రోజు కావాల్సిందే. పాత కంపెనీ కబుర్లు చెప్పినాయన దగ్గరా అనుభవం లేకపోలేదు, కానీ ఆ రెండు పేరాలు ఎవరి అవసరం? రాసినవాడిదా, చదివినవాడిదా? నేను వ్యాఖ్య రాసి పంపే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటాను. ఇది చదివాక రేపు పొద్దున అవతలి మనిషి ఏం చేయగలడు? ఏమీ చేయలేడంటే తుడిచేస్తాను. నాకు తెలుసని చూపించుకునే సరదా ఎవరికైనా ఉంటుంది, దాని భారం మాత్రం అవతలివాడి నెత్తిన పడుతుంది.

మల్లినాథుడు ఇంకో మాటా అన్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషంతో కాళిదాసు పలుకు మూర్ఛపోయిందట, దాన్ని బతికించడానికే తన వ్యాఖ్య అట. దానికి సంజీవని అని పేరు పెట్టాడు. విషం అనడం పెద్ద మాటగా అనిపించవచ్చు. నాకు అనిపించదు. ఆఫీసులో రోజూ చూస్తున్నదే. పేర్ల మీద, కామాల మీద, బొమ్మల రంగుల మీద వ్యాఖ్యలు కుప్పలుగా పడితే, రాసినవాళ్లు ముందు సులువైనవన్నీ సరిచేస్తారు. సాయంత్రానికి అలసిపోతారు. రెండుసార్లు డబ్బు కట్ అయ్యే సంగతి లాంటిది ఆ కుప్పలో అడుగున పడి ఉంటుంది. అందుకే పనికిరాని వ్యాఖ్య వల్ల నష్టమేమీ లేదంటే నేను ఒప్పుకోను.

చిన్న విషయాలు అసలు చెప్పొద్దని కాదు. గూగుల్ తన ఇంజనీర్ల కోసం రాసుకుని బయటపెట్టిన రివ్యూ పద్ధతుల్లో, అంత ముఖ్యం కాని సవరణకు ముందు "నిట్" అని రాయమంటారు. అంటే సరిచేస్తే మంచిదే, చేయకపోయినా పని ఆగదు అని అర్థం. ఇది మా టీమ్‌లోనూ అలవాటైంది. ఆ చిన్న మాట ముందుంటే చదివేవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

మెచ్చుకోవడం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. "బాగుంది" అనడంలో తప్పేమీ లేదు, అక్కడితో ఆగిపోవడమే నాకు నచ్చదు. ఏది బాగుంది? ఆ అబ్బాయి డాక్యుమెంట్‌లో, చెల్లింపు ఫెయిల్ అయ్యే దారులన్నీ ఒకే బొమ్మలో ఉన్నాయి. దాని పక్కన నేను రాసింది ఇది: "రీఫండ్ ఎక్కడ ఆగిపోతోందో ఈ బొమ్మ చూశాకే నాకు తెలిసింది. మా సెటిల్‌మెంట్ డాక్యుమెంట్‌లో వాడుకుంటాను, పర్లేదా?" అతను ఆ తర్వాత రాసిన ప్రతి డాక్యుమెంట్‌లోనూ అలాంటి బొమ్మ ఉంటోంది. ఏది పనికొచ్చిందో చెబితేనే కదా మనిషి దాన్ని మళ్లీ చేసేది.

"ఓకే" అనే మాటకు కూడా బరువుంటుందని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను రాసేవాళ్లను చూసి నేర్చుకోవాలి. అక్కడ ఒక మార్పును చదివి, సందేహాలు తీర్చుకుని, సరేనన్నవాళ్ల పేరు "రివ్యూడ్ బై" అని ఆ మార్పుతో పాటే చరిత్రలో ఉండిపోతుంది. నడిపి చూసినవాళ్లకు "టెస్టెడ్ బై" వేరే. చూడకుండానే తలూపినవాళ్ల కోసం అక్కడ ట్యాగ్ లేదు.

మారతహళ్లి పీజీల్లో ఉంటూ కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు. "సీనియర్లు రాసినదాని మీద నేనేం రాయనక్కా? నాకేం తెలుసని?" వాళ్లకు నేను చెప్పేది ఒకటే. నీకు అర్థం కాని చోటును సరిగ్గా చూపించు. "అర్థం కాలేదు" అని ఊరికే అనకు. "ఐదో పేరాలో క్యూ నిండిపోతే కొత్త రిక్వెస్టులు ఆగుతాయా, పోతాయా?" అని అడుగు. రాసినవాళ్లు అదే గదిలో పదేళ్లుగా ఉన్నవాళ్లు, తలుపు ఎక్కడుందో కొత్తగా వచ్చినవాళ్లే వెతుకుతారు. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ కడుతున్న రోజుల్లో, 1969 ఏప్రిల్‌లో, స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి మొదలుపెట్టిన నోట్సుల పేరే "రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్". వ్యాఖ్యలు పంపండి అని అడగడమే పేరైంది. వాటిలో మూడోదానిలో రాసిన నియమాలు నాకు చాలా ఇష్టం. జవాబు లేని ప్రశ్న రాసినా చాలు, కనీస నిడివి ఒక్క వాక్యం. కుర్రాళ్లు జంకకుండా రాయాలనే వాళ్లు అలా పెట్టారు. ఆ వరసలో వచ్చిన కాగితాల మీదే ఇవాళ్టి ఇంటర్నెట్ నడుస్తోంది.

నేను చదివే పద్ధతి కూడా చెబుతాను. సిల్క్ బోర్డ్ వైపు వెళ్లే 500డి బస్సులో మొదటిసారి ఫోన్‌లో చదువుతాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్ పుణ్యమా అని తీరిక బాగానే దొరుకుతుంది. అప్పుడు ఏమీ రాయను. రెండో పేజీలో వచ్చిన సందేహానికి చాలాసార్లు ఆరో పేజీలో జవాబుంటుంది. సీటు దగ్గర కూర్చున్నాక రెండోసారి చదివి అప్పుడు రాస్తాను. మనిషి మనసు కష్టపెట్టే మాట ఉంటే మార్జిన్‌లో పెట్టను, కాఫీకి పిలిచి చెబుతాను. అందరి ముందూ చిన్నబోయినవాళ్లు ఆ తర్వాత ఏ డాక్యుమెంట్‌నూ మనస్ఫూర్తిగా పంపరు.

ఇక మంచి వ్యాఖ్యలు కావాలంటే అడిగే తీరూ ముఖ్యమే. "చూసి చెప్పండి" అని పంపితే వచ్చేవి చప్పట్ల బొమ్మలే. అందుకని నేను నా డాక్యుమెంట్ పైభాగంలోనే, ఎవరి నుంచి ఏం కావాలో రాస్తాను. ఈ వారం రీఫండ్‌ల మీద పంపిన దానిలో ఇలా పెట్టాను: "సపోర్ట్ వాళ్లు నాలుగో పేజీ చూడండి. డబ్బు వెనక్కి వచ్చిందని మెసేజ్ వెళ్లాక కూడా ఖాతాలో కనపడలేదని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారా? ఉంటే, ఎన్ని గంటల తర్వాత చేస్తున్నారు? నేను 24 అని రాశాను, దానికి నా దగ్గర ఆధారం లేదు."