గడియ లోపలివైపు

నేను మానసిక ఆసుపత్రి గేటు దాటి బయటికొచ్చి ఆరేళ్ళు. ఇప్పుడు చెప్పుకోగలను.

2011లో అన్నయ్య నన్ను చేర్పించాడు. అందుకు తప్పు పట్టను. ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపించి రాత్రుళ్ళు రోడ్డు మీదికి పోయేదాన్ని. దర్గాకి తీసుకెళ్ళమని ఇరుగుపొరుగు చెప్తే అమ్మే వద్దంది. 2001లో తమిళనాడు ఎర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు కాలిపోయిన వార్త ఆవిడ మర్చిపోలేదు. మందులు పనిచేశాయి. మూడేళ్ళకల్లా ‘ఇంటికి పంపవచ్చు’ అని కేసు షీటులో రాశారు.

ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళు అక్కడే ఉన్నాను. సంతకం పెట్టడానికి మావాళ్ళెవరూ రాలేదు. అమ్మ పోయిన సంగతి కూడా పెద్దకర్మ అయిపోయాకే తెలిసింది. అన్నయ్య ఒక్కసారి వచ్చాడు. వరండాలో నిలబడి, నేను వింటుండగానే నర్సుతో, "ఇక్కడైతే వేళకింత తిండి పెడతారు కదా. ఇంట్లో పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంది" అన్నాడు. నాలుక ఎత్తి మాత్ర మింగానని చూపించడం, సాయంత్రం తలలు లెక్కపెట్టించుకోవడం అలవాటైపోయాయి. ఆ మాట మాత్రం అలవాటు కాలేదు. ఆదివారాలు తలకు నూనె రాసిన ఆయమ్మ లేకపోతే ఏమైపోయేదాన్నో.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటేడు అమల్లోకి వచ్చింది. ఇంట్లోవాళ్ళు రానివ్వలేదనో, ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదని 19వ సెక్షన్‌లో ఉంది. సోషల్ వర్కర్ మేడమ్ చదివి వినిపిస్తే మళ్ళీ చదవమన్నాను. ఆఫీసు గుమాస్తా మాత్రం "రేపు ఏదైనా అయితే మా మెడకి చుట్టుకోదా?" అని నెలల తరబడి ఫైలు తొక్కిపెట్టాడు. ఆయన మీద కోపం ఇంకా పోలేదు.

2019లో ఒక సంస్థవాళ్ళు అద్దెకి తీసుకున్న ఇంట్లో నలుగురు ఆడవాళ్ళం దిగాం. తలుపు గడియ లోపలివైపు ఉంది. వేశాను. మళ్ళీ వస్తుందో రాదో అని తీసి చూశాను. అలా పదకొండుసార్లు. వార్డులో రాత్రంతా లైటు వెలిగేది, ఇక్కడ కటిక చీకటి. రెండింటప్పుడు పైనుంచి నా పేరు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. అయిపోయింది, మళ్ళీ మొదలైంది, తెల్లారగానే అక్కడే పడేస్తారు అనుకున్నాను. ఒళ్ళంతా చెమట. పక్క మంచం మీది పెద్దావిడని లేపాను. ఆవిడ అక్కడ పద్దెనిమిదేళ్ళున్న మనిషి. కాసేపు చెవులు రిక్కించి, "నాకూ వినబడుతోందే. ఫ్యాను కిర్రుమంటోంది, పడుకో" అంది.

ఇద్దరికీ వినబడింది! సింహాద్రి అప్పన్నకి అప్పుడే మొక్కుకున్నాను. తర్వాత నలుగురం బస్సెక్కి వెళ్ళి తీర్చుకున్నాం.

మాత్రలు జిల్లా ఆసుపత్రిలో నెలనెలా తెచ్చుకుంటాను. బాగానే ఉన్నాం కదా అని మానేయకండి. నేను ఒకసారి మానేసి నలభై రోజులు పనికి పోలేకపోయాను. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

చీరలకు ఫాల్స్ కుడతాను. మేనకోడలి పెళ్ళికి నాకు పిలుపు రాలేదు. పోయిన దసరాకి ఆ పిల్లే వచ్చింది, చంకలో బిడ్డతో. "అత్తా, ఫాల్ కుట్టి పెడతావా" అని సంచిలోంచి చీర తీసింది. అన్నయ్య పంపాడో, తనకై తనే వచ్చిందో అడగలేదు. రాత్రికి ఉండిపోయింది. ఫ్యాను చప్పుడుకి తనకి నిద్ర పట్టలేదట.