గోపాల్‌పూర్ వేట, ముప్పై వేల కెమెరా

పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి గిరిసోలా రాగానే బోర్డుల మీద అక్షరాలు ఒడియాలోకి మారతాయి. బస్సులో మాటలు మాత్రం బరంపురం దాకా సగానికి సగం తెలుగులోనే సాగుతాయి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గోపాల్‌పూర్ తీరంలో చేపల వేటే బతుకైన మా వాడబలిజలు అంతకు చాలా ముందునుంచీ ఉన్నారు. మా మేనమామ ఇల్లు అక్కడే. మావయ్య పెద్దకొడుకు, నాకు బావ, సముద్రం మీద తన వేట తనే వీడియో తీసుకోవాలని పట్టుబట్టాడు.

"నువ్వు పెళ్లిళ్లు తీస్తావు గదా బామ్మర్దీ, ఏ కెమెరా కొనాలో నువ్వే వచ్చి సెప్పు. ముప్పై వేలు దాటితే నా వల్ల కాదు" అని ఫోను చేశాడు.

అక్టోబరులో వెళ్లాను. బరంపురంలో దిగగానే కొట్టుకు పోదామన్నాడు బావ. ముందు ఒకసారి నీతో వేటకు వస్తాను, కొట్టు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. పెళ్లిపందిట్లో కెమెరా పట్టుకున్నవాడికి అదొక్కటే పని. పడవ మీద అలా కుదరదు. వల లాగేవాడే వీడియో కూడా తీసుకోవాలంటే అతని చేతులు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో కళ్లారా చూడాలి.

తెల్లవారుజామున మూడు దాటాక ఇసుక మీదికి దిగాం. గోపాల్‌పూర్ దగ్గర కెరటం ఒడ్డు మీదే విరుగుతుంది. ఫైబర్ పడవను అందరూ భుజాలు ఆనించి నీళ్లలోకి తోస్తారు. పడవ నడిపే సరంగు అల లెక్క చూసి కేక వేసిన క్షణాన ఒక్క ఊపున ఎక్కాలి. ఆ కాస్తసేపట్లో ఎవరి చేతిలో ఏమున్నా సముద్రానిదే. విరిగే అలలు దాటి మోటారు అందుకున్నాక మొహాల మీద ఉప్పునీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. లైట్‌హౌస్ దీపం వెనక్కి జరుగుతోంది. బావ తమ్ముడొకడు బీడీ ముట్టించుకోవడానికి నానా తంటాలు పడుతున్నాడు.

వల వేసేటప్పుడు బావ చేతులు రెండూ వల మీదే ఉన్నాయి. లాగేటప్పుడూ అంతే. కవ్వళ్లు అనే చిన్న చేపలు మిలమిలా పైకి వస్తుంటే వాటిని వల కన్నుల్లోంచి తప్పించడానికి వేళ్లన్నీ కావాలి. మధ్యలో వల దేనికో పట్టుకుంటే నలుగురూ ఒకే వైపు ఒరుగుతారు. చేతిలో పట్టుకోవాల్సిన కెమెరా ఏదైనా ఈ పడవలో పనికిరాదని నాకక్కడే తేలిపోయింది. ఖరీదైన ఫోనూ, లెన్సులు మార్చే పెద్ద కెమెరా రెండూ లెక్కలోంచి పోయాయి.

అమెరికాలో ఒంటరిగా వేటకు వెళ్లేవాళ్లదీ ఇదే ఇబ్బంది. చెట్టు మీద కూర్చుని విల్లుతో జింకను కొట్టేవాళ్లు కెమెరాను చేత్తో పట్టుకోరు. చెట్టు మానుకు పట్టీతో బిగించే ఒక మడతల కమ్మీ ఉంటుంది, కెమెరా దాని మీద నిలబడుతుంది. జింక వచ్చే దారివైపు దాన్ని ముందే తిప్పి పెట్టి చేతులు విల్లుకు వదిలేస్తారు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడు అలాంటి వేటకు తావు లేదు. కానీ వాళ్ల పద్ధతి నాకు చాలా నచ్చింది. కెమెరా కంటే ముందు దాన్ని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకుంటారు.

మేమూ అలాగే చేశాం. ఒడ్డుకు వచ్చాక పడవ చుట్టూ తిరిగాం. వల కుడివైపు దిగుతుంది కాబట్టి ఆ వైపు ఏ కర్రా నిలబెట్టకూడదు, వల చిక్కుకుంటే కెమెరాతో పాటు మనిషీ పోవచ్చు. మోటారు పక్కన, ఎడమవైపు అంచుకు, నిలువెత్తు పైపు ఒకటి క్లాంపుతో బిగిస్తే పడవంతా కనిపిస్తుంది. రెండోది బావ ఛాతీ మీద పట్టీ. తలకు కట్టుకుంటే చూసేవాళ్ల కళ్లు తిరుగుతాయి, ఎందుకంటే వేటలో తల ఒక్కచోట నిలవదు. ఛాతీ మీదైతే చేతులు, వల, చేప ఒకే చట్రంలో పడతాయి. ఈ రెండు చోట్లా పనిచేసేది యాక్షన్ కెమెరా ఒక్కటే, అంటే ఒంటికో పడవకో బిగించుకునే, నీళ్లకు తట్టుకునే చిన్న కెమెరా.

మర్నాడు బరంపురంలో కొట్లు తిరిగాం. బావ కళ్లు 5.3కే అని, అంటే బొమ్మలో ఎన్ని పిక్సెళ్లో (చుక్కలో) చెప్పే అంకె, రాసిన పెట్టెల మీదే ఉన్నాయి. ఆ అంకెలు చూసి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెప్పాను. వీళ్ల వేట చీకట్లో మొదలవుతుంది. చీకట్లో వెలుతురు పట్టుకునేది సెన్సరు, అంటే లెన్సు వెనక బొమ్మ పడే పలక; దాని సైజే ముఖ్యం. చిన్న సెన్సరుతో తెల్లవారుజాము బొమ్మ గింజలు గింజలుగా వస్తుంది, అది ఎన్ని పిక్సెళ్లదైనా సరే. ఆ లెక్కన ఓస్మో యాక్షన్ 4 అనే కెమెరా మాకు కుదిరింది. సెన్సరు 1/1.3 అంగుళాలు, పై తొడుగు లేకుండానే 18 మీటర్ల లోతు దాకా నీళ్లు చొరవు. గోప్రో హీరో 12 కూడా మంచిదే, 10 మీటర్ల దాకా తట్టుకుంటుంది. కొత్తది కొంటే మిగతా సామాన్లకు ఏమీ మిగలదు. అందుకని వాడినది వెతికాం.

వాడిన కెమెరా కొనేవాళ్లు బ్యాటరీ మూత తెరిచి రబ్బరు అంచు చూడాలి. అక్కడ తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయాలి. బ్యాటరీ ఉబ్బిందేమో బల్ల మీద పెట్టి వేలితో తిప్పి చూడాలి. పది నిమిషాలు ఆపకుండా రికార్డు చేయించి, ఆ ఫైలు అక్కడే మొదటినుంచి చివరిదాకా చూడాలి. మేం మూడోచోట చూసినది అన్నింటికీ నిలబడింది. 18,000కి ఇచ్చాడు.

మిగిలిన 12,000 బావకు ఖర్చుగా అనిపించలేదు, వృథాగా అనిపించింది. "పట్టీలకీ, కార్డులకీ ఇంత డబ్బేటి బామ్మర్దీ?" అన్నాడు. కూర్చోబెట్టి లెక్క చెప్పాను. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు. ఫుల్ హెచ్‌డీలో 40 మెగాబిట్లయితే గంటకు 18 జీబీ చాలు. కార్డు మీద వీ30 గుర్తు ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదు. 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే, కాబట్టి ఆ పని అది నిశ్చింతగా చేస్తుంది. ఇంకా వేగంగా రాసే వీ90 కార్డులకు ఎక్కువ పెట్టనక్కర్లేదు. రెండు వీ30 కార్డులు, రెండు అదనపు బ్యాటరీలు, ఛాతీ పట్టీ, క్లాంపు, నీళ్లలో తేలే పిడి కొన్నాం. పిడికి నైలాను తాడు కట్టి పడవకు ముడివేయడం బావ సొంత ఆలోచన. అది అన్నింటికన్నా మంచిది.

శబ్దం గురించి మాత్రం నేను వెనక్కి తగ్గలేదు. మోటారు మోతా, గాలీ కలిస్తే కెమెరాలోని మైకుకు మనిషి మాట అందదు. బొమ్మ కాస్త తక్కువైనా జనం చూస్తారు. మాట వినపడకపోతే ఆగరు. కాలరుకు తగిలించే చిన్న మైకు ఒకటి, దానికి బొచ్చు తొడుగు కొన్నాం. పాత ఫోనులో విడిగా రికార్డు చేసి, ఫోనును జిప్ సంచిలో వేసి చొక్కాలోపల పెట్టుకుంటాడు. మొదట చేతులు ఒక్కసారి గట్టిగా చరిస్తే ఆ చప్పుడు ఆనవాలుగా బొమ్మనూ మాటనూ కలపొచ్చు.

నీళ్ల మీద ఎండ తళుకు తగ్గించే పోలరైజరు ఒకటి మిగిలిన డబ్బుతో తీసుకున్నాం. నీటి మట్టానికి 37 డిగ్రీల ఏటవాలుగా చూసినప్పుడు అది బాగా పనిచేస్తుంది, వల పైకి లేస్తుండగానే లోపలి చేప కనిపిస్తుంది. తెల్లవారకముందు దాన్ని తీసేయాలి, వెలుతురు తినేస్తుంది. ఒడ్డున వేలంపాట ట్యూబులైట్ల కింద జరుగుతుంది కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను పెట్టమన్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక అలా తీస్తే బొమ్మ మినుకు మినుకుమనదు.

బావ చిన్నతమ్ముడు డ్రోను అడిగాడు. 250 గ్రాముల లోపుదానికి పైలట్ లైసెన్సు అక్కర్లేకపోయినా డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో రంగులతో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడాలి, పక్కనే పోర్టు ఉంది. ఊగే పడవ మీద దాన్ని దించడం వేరే కష్టం. వద్దన్నాను.

మావయ్య అంతవరకూ మాట్లాడలేదు. అన్నం దగ్గర ఒక్కటే అడిగాడు. "వల్లో తాబేలు పడితే దాన్నీ తీస్తారా?"

"ముందు వదిలెయ్యాలి మావయ్యా. కెమెరా పైపు మీద ఉంటుంది కాబట్టి వదలడం దానంతట అదే పడుతుంది. పట్టుకుని ఫొటోకి నిలబడొద్దు" అన్నాను. ఇక్కడి ఆలివ్ రిడ్లే తాబేలు ఆ 1972 చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉంది. ఋషికుల్య నది ముఖద్వారం ఇక్కడికి దగ్గరే, వేలకు వేలు అక్కడికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. మావయ్య తలూపి, వచ్చేటప్పుడు కెమెరాను మంచినీళ్లతో కడగడం తన పని అన్నాడు. మూతలు తెరవకముందే కడిగి, పూర్తిగా ఆరాకే తెరవాలని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య ముఖద్వారం చుట్టుపక్కల తాబేళ్ల కోసం వేట మీద ఆంక్షలుంటాయి. ఆ నెలల్లో చిరిగిన వలలు కుట్టడం, పడవకు రంగులేయడం, పాత తెప్పల గురించి మావయ్య చెప్పే కబుర్లు తీస్తానన్నాడు బావ. వాటికి పైపూ పట్టీ అక్కర్లేదు. నా దగ్గర ఖాళీగా ఉన్న ట్రైపాడు బరంపురం బస్సులో పంపిస్తున్నాను.