పాత డీవీడీ ప్లేయర్, ఫ్లాట్ టీవీ: పసుపు కేబుల్ నుంచి కాంపోనెంట్ దాకా

మొదటి దశ, కాంపోజిట్ (పసుపు). బొమ్మ, రంగులు వచ్చాయి. కానీ ఎర్ర అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతున్నాయి, సన్న చారల చొక్కా మీద లేని రంగులు మెరుస్తున్నాయి. వెలుగు, రంగు ఒకే తీగలో కలిసి రావడం వల్ల వచ్చే తంటా ఇది. టీవీ ప్రసార ప్రమాణాలు రెండున్నాయి, మన దగ్గర పాల్, అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ. రంగు సిగ్నల్ పాల్‌లో 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎన్‌టీఎస్‌సీలో 3.58 దగ్గర, వెలుగు సిగ్నల్‌లోని సన్నని వివరాలుండే చోటే ఉంటుంది. టీవీలో వెలుగును, రంగును వేరు చేసే కోంబ్ ఫిల్టర్ రెంటినీ పూర్తిగా విడదీయలేదు. ఎంత ఖరీదైన కేబుల్ వేసినా ఈ చుక్కలు పోవు. డిస్క్‌లో విడివిడిగా ఉన్నవాటిని ప్లేయర్ కలిపి పంపడం, టీవీ మళ్లీ విడదీయడం: ఎంత వృథా!

రెండో దశ, ఎస్-వీడియో. నాలుగు పిన్నుల్లో వెలుగు, రంగు వేర్వేరు. చుక్కలు పోయాయి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే ముందుగా, పిన్ను ఏదైనా వంగిందేమో చూడాలి.

ఇప్పుడు కాంపోనెంట్: ఆకుపచ్చ, నీలం, ఎరుపు ప్లగ్గులున్న మూడు తీగలు. ప్లేయర్ మెనూలో వీడియో అవుట్‌పుట్‌ను కాంపోనెంట్‌కి మార్చాలి. పాత కేబుల్ తీయకముందే ఆ పని చేయాలి, లేకపోతే మెనూనే కనపడకపోవచ్చు. ప్రోగ్రెసివ్ స్కాన్ (బొమ్మలోని గీతలన్నీ ఒకే విడతలో వరసగా పంపడం) చివర్లో, టీవీ తీసుకుంటుందని తేలాకే.

ఆకుపచ్చ తీగలో వెలుగుతో పాటు సింక్ (బొమ్మను తెర మీద నిలిపి ఉంచే సంకేతం) కూడా వస్తుంది. అది ఊడితే బొమ్మే నిలవదు. నీలం, ఎరుపు తారుమారైతే ముఖాలు నీలంగా మారతాయి. ఇక్కడ అసలు చిక్కు ఎర్ర ప్లగ్గులు రెండుండటం: ఒకటి వీడియోది, ఒకటి ఆడియోది. వీడియో ఎరుపు ఆడియో సాకెట్‌లో పడితే తెర మీద ఎరుపు పోతుంది, స్పీకర్‌లో బుర్రుమనే మోత వస్తుంది. రెండు కొసలకూ టేపు చుట్టి గుర్తు పెట్టుకోవడం మేలు. చాలా టీవీల్లో ఆకుపచ్చ, పసుపు ఒకే సాకెట్. ఇన్‌పుట్ మెనూలో కాంపోజిట్ ఉండిపోతే బొమ్మ నలుపు తెలుపే.

కేబుల్ 75 ఓమ్‌ల కోయాక్సియల్ కావాలి. మీటరున్నర దూరానికి ఆడియో కేబుల్ కూడా పనిచేస్తుంది, పది మీటర్లకు వద్దు. ఒక సిగ్నల్‌ను జంట ప్లగ్గుతో రెండు టీవీలకు పంచితే 1 వోల్టు 0.67కి పడిపోయి బొమ్మ మసకబారుతుంది. దానికి డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ (సిగ్నల్ బలం తగ్గకుండా పంచే డబ్బా) వాడాలి.

షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించాను. అంచుల చుట్టూ తెల్లని గీతలు వచ్చింది అది ఎక్కువగా ఉండటం వల్లే.

తర్వాతి పని వీసీఆర్. వీహెచ్‌ఎస్ టేపులో ఉండేదే దాదాపు 240 గీతల వివరం, కాబట్టి కాంపోజిట్‌ని కాంపోనెంట్‌గా మార్చే డబ్బా కొనను. ముందు హెడ్ (టేపును చదివే భాగం) శుభ్రం చేసి, ట్రాకింగ్ (టేపు మీది జాడలకు హెడ్ సరిగ్గా కుదరడం) సరిచేయాలి.