తాబేళ్లు ఒడ్డెక్కే కాలంలో కళింగపట్నం

శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి దర్శించుకుని, గుడిలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లను చూసి, సాయంత్రానికి కళింగపట్నం చేరాను. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. ఫిబ్రవరి నెలాఖరు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే రోజులు.

రాత్రి గుడ్ల సంరక్షణ చూసే ఒక మత్స్యకారుడి వెంట తీరం పట్టుకుని నడిచాను. టార్చి వేయనివ్వలేదు, వెలుగు పడితే తాబేలు బెదిరి వెనక్కి వెళ్లిపోతుందట. చాలా దూరం నడిచాక, ఇసుక మీద ట్రాక్టరు చక్రం దొర్లినట్టు ఒక జాడ కనిపించింది. దాని చివర తల్లి తాబేలు. తెడ్లలాంటి వెనక కాళ్లతో, ఒకదాని తర్వాత ఒకటిగా, ఇసుకను తోడి పక్కకు విసురుతోంది. మూరెడు లోతు తవ్వి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక ఇక మమ్మల్ని పట్టించుకోలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒంట్లోని ఉప్పును అది అలా వదిలించుకుంటుంది. గుంత పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డొప్పతో ఇసుకను దిమ్మిస చేసింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

కుక్కలు, నక్కలు తవ్వేయకముందే ఆయన వందకు పైగా గుడ్లను సంచిలోకి తీసి, వల కట్టిన ఆవరణలో మళ్లీ పాతారు. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి.

తెల్లవారాక అదే తీరంలో చచ్చిన తాబేలు కనిపించింది. ఒంటి మీద గాటు లేదు, మెడ మాత్రం ఉబ్బి ఉంది. "ట్రాలు వలలో పడి ఉంటుంది బాబూ" అన్నారాయన. తాబేలు గాలి పీల్చి బతికే జీవి. గంటల తరబడి నీళ్లలో ఈడ్చే వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. పిల్ల పెరిగి గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది కాబట్టి, ఒక తల్లి పోతే ఎన్ని గుడ్లు కాపాడినా ఆ లోటు తీరదు.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది చేపల కోసం పెట్టింది. తాబేళ్లు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. పక్కనే ఉన్న ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య నదుల ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట ఆపుతారు. అక్కడ తప్పించుకున్న తాబేలు ఇక్కడికొచ్చి చావడం నాకు మింగుడుపడలేదు.

తాబేలు బయటపడేలా వలకు దారి పెట్టే పరికరం ఉంది కదా అని అడిగాను. "అందులోంచి చేప పోతే ఆ నష్టం ఎవరిస్తారు?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్న. వేసవి నిషేధానికి భృతి ఇస్తున్నట్టే, వంశధార, నాగావళి ముఖద్వారాల దగ్గర జనవరి నుంచి మార్చి దాకా ట్రాలర్లను ఆపి, పని పోయినవాళ్లకు ప్రభుత్వం భృతి ఇవ్వాలి.