ఈరోజు అది లేదండీ

కొత్తగా ఏ హోటల్‌కు వెళ్ళినా మెనూలో ఏమున్నాయో చూసే ముందు ఏమి లేవో చూడడం నాకు అలవాటైపోయింది. చుట్టుపక్కల పొలాల్లో పండినవాటితోనే వండుతామని చెప్పుకునే హోటల్ అయితే ఈ పరిశీలన మరీ అవసరం. ఏ కాలంలో వెళ్ళినా అవే వంటకాలు, అదే వరుసలో, ప్లాస్టిక్ పూత వేసిన అట్టమీద మెరుస్తూ కనబడుతున్నాయంటే, గోడకు ఎన్ని పచ్చని పొలాల ఫొటోలు వేలాడదీసినా ఆ మాట నేను నమ్మను. నేల ఏడాది పొడుగునా ఒకే రకం పంట ఇవ్వదు గనుక, ఆ నేలను నమ్ముకున్న వంటగది కూడా ఏడాది పొడుగునా ఒకే మెనూ ఇవ్వలేదు.

నాకు నమ్మకం కుదిరిన ఒక చిన్న హోటల్‌లో మెనూ అంటే గోడకు ఆనించిన నల్లబల్ల. మధ్యాహ్నం రెండు దాటేసరికి దానిమీద రెండు మూడు పేర్లకు అడ్డంగా సుద్దగీతలు పడి ఉంటాయి, కొట్టివేసిన పేర్ల పక్కన ఖాళీ చాలక ఇరికించి రాసిన కొత్త పేరు ఒకటి ఉంటుంది. ఒకసారి పాలకూర వంటకం అడిగితే వడ్డించే అబ్బాయి, “ఈరోజు అది లేదండీ, పొద్దున ఆకు కొంచెమే వచ్చింది, వచ్చింది కూడా వానకు దెబ్బతిని ఉంది, గుమ్మడికాయతో చేసింది బాగుంది, తెమ్మంటారా?” అన్నాడు. పొద్దున వచ్చిన సరుకు ఏ స్థితిలో ఉందో వడ్డించే మనిషికి కూడా తెలిసి ఉండడం చిన్న విషయం కాదు. ఆ ఒక్క మాటతో ఆ వంటగదిమీద నాకు కలిగిన గౌరవం ఏ ప్రకటనా కలిగించలేదు.

ఇలా నడపడం ఎంత కష్టమో బయటనుంచి చూసేవారికి అంతగా తెలియదు. పెద్ద సరఫరాదారుతో పెట్టుకుంటే వంటగదికి కావలసినవన్నీ ఒకే బండిలో, ఒకే బిల్లుతో, పైగా అప్పుమీద వస్తాయి. ఉల్లిపాయలన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి, కొన్ని ఒలిచి, తరిగి, సంచుల్లో కట్టి మరీ వస్తాయి. అదే సరుకును పదిమంది చిన్న రైతులనుంచి తెచ్చుకోవాలంటే పదిమందితో ముందురోజు రాత్రి ఫోన్లో మాట్లాడాలి, పదిసార్లు తూకం వేయించుకోవాలి, చాలామందికి ఏ రోజు డబ్బు ఆ రోజే చేతిలో పెట్టాలి. వచ్చిన బుట్టలో లావువీ సన్ననివీ కలిసి ఉంటాయి, మట్టి ఉంటుంది, కడగడానికీ ఏరడానికీ మరొక మనిషి కావాలి. వానలు పడితే ఒక బుట్ట రానే రాదు; ఎండ బాగా కాస్తే అడగని బుట్టలు మూడు ఎక్కువ వస్తాయి. వంటవాడు ముందు వంటకం అనుకుని సరుకు తెప్పించే పద్ధతి ఇక్కడ చెల్లదు, సరుకు చూశాకే వంటకం అనుకోవాలి. ఇటువంటి హోటళ్ళలో ధర కాస్త ఎక్కువగా ఉంటే అందులో పెద్దభాగం ఈ చాకిరీదేనని నా అభిప్రాయం.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన హోటళ్ళలో ముందు చెప్పుకోవలసినది 1971లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ మొదలుపెట్టిన షే పనీస్. అక్కడ ఏ పూటకు ఆ పూట ఒకే భోజనం నిర్ణయించి, వచ్చినవారందరికీ అదే వడ్డించేవారు. మంచి సరుకు ఎక్కడ పండుతోందో వెతికి తెచ్చే పనికి తరవాత ప్రత్యేకంగా ఒక మనిషినే పెట్టుకున్నారు. ఇటలీలో 1986లో రోమ్ నగరపు స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ తెరవడంమీద వచ్చిన నిరసనలో పాల్గొన్న కార్లో పెట్రీని ఆ తరవాత, స్థానిక పంటలనూ వంటలనూ కాపాడుకోవాలనే స్లో ఫుడ్ ఉద్యమాన్ని నడిపించాడు. ఈ ఇద్దరి కృషి ఫలించిన తరవాతనే అసలు చిక్కు మొదలైంది. పొలం పేరు రాస్తే వంటకం బాగా అమ్ముడుపోతుందని అందరికీ తెలిసిపోయింది.

ఎంత దూరంలో పండితే స్థానికం అనాలో అన్నిచోట్లా ఒప్పుకున్న హద్దు ఏదీ లేదు. 2008లో అమెరికా చేసిన వ్యవసాయ చట్టం తన పథకాలకోసం 400 మైళ్ళలోపుగానీ, అదే రాష్ట్రంలోగానీ పండినదాన్ని స్థానికంగా లెక్కించింది. 400 మైళ్ళంటే సుమారు 640 కిలోమీటర్లు. అంత దూరంనుంచి లారీలో వచ్చిన టమాటాను మన పక్క పొలంలోది అనుకుంటూ తినడానికి నాకు మనసొప్పదు. ఇక అబద్ధాల సంగతి వేరు. 2016లో టంపా బే టైమ్స్ పత్రికలో ఆహార విమర్శకురాలిగా ఉన్న లారా రైలీ, హోటళ్ళ మెనూల్లో పేర్లు కనబడిన రైతులనూ సరఫరాదారులనూ వరుసగా పలకరించి, కొన్ని చేపల వంటకాలను జన్యు పరీక్షకు పంపి చూస్తే, ఎన్నో చోట్ల రాసినదానికీ పళ్ళెంలో ఉన్నదానికీ పొంతన లేదని తేలింది. కొందరు రైతులు తాము ఆ హోటల్‌కు ఏనాడూ సరుకు అమ్మలేదన్నారు. మరికొందరు ఎప్పుడో అమ్మాము, ఇప్పుడు అమ్మడం లేదన్నారు. ఈ రెండో రకమే ఎక్కువ జరుగుతూ ఉంటుందని నా అనుమానం. మొదట నిజంగానే కొంటారు, చాకిరీ భరించలేక మానేస్తారు, మెనూలో పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది.

అందుకే నేను అడుగుతాను. “ఇది స్థానికమేనా?” అని అడిగితే అవునన్న జవాబు తప్ప మరొకటి రాదు కాబట్టి, “ఈ వారం కొత్తగా ఏమి వచ్చింది?” అనో, “ఏది అయిపోవచ్చింది?” అనో అడుగుతాను. నిజంగా కొనే చోట ఈ ప్రశ్నకు ఉత్సాహంగా, ఒక్కోసారి అవసరానికి మించి వివరంగా, జవాబు వస్తుంది. కొనని చోట వడ్డించేవారు మొహమొహాలు చూసుకుంటారు. ఉప్పు, నూనె, కాఫీ గింజలు, మసాలా దినుసులు ఎక్కడివని మాత్రం నేను నిలదీయను. కొన్ని దూరంనుంచి రావలసిందే, ఆ మాట దాచకుండా చెప్పే హోటలే నాకు నచ్చుతుంది.

దగ్గర పండినది తింటే భూతాపం తగ్గుతుందన్న వాదనను మాత్రం కొంచెం తగ్గించి చెప్పుకోవడం మంచిది. అమెరికా కుటుంబాల ఆహారంమీద వెబర్, మాథ్యూస్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఆహారంవల్ల వెలువడే ఉద్గారాల్లో రవాణా అంతా కలిపి 11 శాతం, ఉత్పత్తిదారునుంచి దుకాణానికి చేర్చే చివరి ప్రయాణం 4 శాతం మాత్రమే. మిగిలినదాంట్లో అత్యధిక భాగం పండించడంలోనే ఉంది. వేడి పెట్టిన గాజుగదిలో పక్క ఊళ్ళో పండిన కాయకన్నా, ఎండలో పెరిగి దూరంనుంచి వచ్చిన కాయే కొన్నిసార్లు మేలు కావచ్చు.

రుచి విషయంలో మాత్రం దూరం లెక్కకు వస్తుంది, ఎందుకంటే దూరమంటే కాలం. తీపి మొక్కజొన్న పొత్తు విరిచిన క్షణంనుంచి దానిలోని చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది, బఠానీల సంగతీ అంతే. దూరం పంపవలసిన టమాటాను పచ్చిగా ఉండగానే కోస్తారు, దారిలో చల్లగా ఉంచుతారు. ఆ చలివల్ల దాని వాసనకు కారణమైన పదార్థాలు తగ్గిపోతాయనీ, తిరిగి వెచ్చటి చోట పెట్టినా పూర్తిగా కోలుకోవనీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. పొద్దున కోసిన టమాటాను మధ్యాహ్నం ముక్కలుగా తరిగి, ఉప్పు మాత్రం చల్లి బల్లమీద పెడితే, ముక్క నోటికి చేరకముందే తొడిమ దగ్గరి ఆ ఆకువాసన ముక్కుకు తగులుతుంది. మసాలా దట్టించి ఆ వాసనను చంపేసే వంటవాడు ఎంత దగ్గరనుంచి సరుకు తెచ్చుకున్నా దండగే.

వీటన్నిటిలోనూ తినేవాళ్ళ పాత్రమీదే నాకు కొంత ఫిర్యాదు ఉంది. అడిగిన వంటకం లేదనగానే ముఖం చిట్లించి, ఇంటికి పోయి ఒక నక్షత్రం తగ్గించి సమీక్ష రాసేవారివల్లే హోటల్ యజమానులు చల్లటి గిడ్డంగి సరుకువైపు తిరిగిపోతున్నారు. పంటలు తక్కువగా ఉండే నెలల్లో ఈ హోటళ్ళకు గిరాకీ మరీ పడిపోతుంది. నిజానికి వంటవాడి పనితనం తెలిసేది అప్పుడే: ఎక్కువగా వచ్చిన రోజుల్లో ఎండబెట్టి, ఉప్పులో ఊరబెట్టి, పులియబెట్టి దాచుకున్నవాటిని దుంపలతోనూ పప్పులతోనూ కలిపి అతడు కొత్తగా ఏదో ఒకటి తయారుచేస్తాడు. పంటలు విరగకాసిన రోజుల్లో బాగా వండడం పెద్ద గొప్పేమీ కాదు కాబట్టి, కొత్త హోటల్‌ను పరీక్షించాలనుకున్నప్పుడు నేను ఆ కరువు నెలల్లోనే వెళతాను.